తోమాకు వినిపించని కీచు

అరకులో బండ్ల రిపేరు చరిత్రంటూ ఎవరైనా రాస్తే అందులో మొదటి పేరు పాంగి తోమాదే కావాలి. రెండో పేరు కోసం కాస్త వెతుక్కోవాలి. మిషను వాళ్ల పాకబడిలో ఐదో తరగతి దాకా చదివిన మనిషి. కంపెనీ వాళ్ల ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసి, అక్షరాలు కూడబలుక్కుని, జీపు గేరుబాక్సు మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. బిగించాక గుడ్డ మీద ఒక్క వాషరు కూడా మిగల్లేదు. ఆ సంగతి ఈ కొండల మీద ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన చేసిన ఘనకార్యాలు ఒకటా, రెండా! గాలివాన కొట్టిన ఏడు అనంతగిరి పైన ఘాటు రోడ్డు తెగిపోయి, ఆసుపత్రి జీపు అవతలే ఇరుక్కుపోయింది. తోమా వెళ్లి దాన్ని ముక్కలుగా విప్పించాడు. ఇంజినును పచ్చి వాసానికి కట్టి, మనుషుల భుజాల మీద విరిగిపడ్డ కొండచరియ దాటించాడు. ఇవతలి రోడ్డు మీద గోనెపట్టాలు పరిచి, మళ్లీ జీపు చేసి నిలబెట్టాడు. ఆ జీపులోనే మర్నాడు ఒక బాలింతను ఆసుపత్రికి చేర్చారు. సినిమా వాళ్లు పాట తీయడానికి వచ్చినప్పుడు జనరేటరు వ్యాను మొరాయిస్తే, హీరోయిన్ గొడుగు కింద కూర్చుంటే, యూనిట్టంతా తోమా చేతుల వంకే చూస్తూ నిలబడిపోయింది. కాఫీ పళ్ల తొక్క తీసే చేతిమరకు పాత స్కూటరు ఇంజిను తగిలించి, ఆడవాళ్ల భుజాల నొప్పులు తగ్గించినవాడూ ఆయనే.

వీటన్నిటికంటే పెద్ద పేరు ఆయన చెవికి ఉండేది. ఒకసారి పోలీసు కానిస్టేబులు బుల్లెట్టు మలుపు అవతల ఉండగానే, ఇంకా బండి కంటికి కనపడకముందే, "పిస్టన్ రింగు ఇరిగింది" అని తోమా పానా చేతిలోకి తీసుకున్నాడు. ఇంజిను విప్పి చూస్తే రింగు రెండు ముక్కలుగా ఉంది. అప్పట్నుంచీ పాడేరు నుంచీ, పాచిపెంట నుంచీ కూడా చప్పుడు చేసే బండ్లు అరకు సంత పక్కనున్న ఆ రేకుల షెడ్డుకే వచ్చేవి. చప్పుడుతో వచ్చిన బండి చప్పుడు లేకుండా పోవాలి. అదే షెడ్డు నియమం. ఆ నియమం తప్పిందని ఎవరూ అనలేదు.

రెండు వేల ఏడు వేసవి నాటికి తోమాకు అరవై దగ్గర పడుతోంది. అప్పటికే ఆయన ఒక సంగతి దాచుకుని తిరుగుతున్నాడు. మొదట మందిరంలో తెలిసింది. హార్మోనియం మీద పైమెట్లు నొక్కుతున్న వేళ్లు కనపడుతున్నాయి కానీ స్వరం రావడం లేదు. పెట్టె పాడైందనుకున్నాడు. పక్కనున్నవాళ్లంతా ఆ స్వరం పట్టుకుని పాడుతుంటే విషయం అర్థమైంది. తర్వాత సాయంత్రాలు కీచురాళ్లు మానేశాయి. గ్రైండరు కింద, సైలెన్సరు లేని జీపుల పక్కన అన్నేళ్లు గడిపిన చెవులు సన్నని చప్పుళ్లను ఒక్కొక్కటిగా వదిలేస్తున్నాయి. లావు చప్పుళ్లు బాగానే అందుతున్నాయి కాబట్టి పని నడిచిపోతోంది. ఇంజినులో టాపెట్లు టిక్కుమంటున్నాయో లేదో చెవితో కాకుండా సందులో గేజీ పెట్టి చూసేవాడు. అడిగితే, "కంపెనీ పద్ధతి" అనేవాడు. ఈ సంగతి బయటపడితే తోమా అనే పేరులో ఇంకేం మిగులుతుందో ఆయనకే తెలియదు.

చైత్రమాసం. ఇటికెల పండగ రోజులు. ఊళ్లలో మగవాళ్లు వేటకు పోయారు, సంత పలచబడింది, షెడ్డులో పని లేదు. అలాంటి పొద్దున ఒక బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. అంత పెద్ద మోటారుసైకిలును అరకులో ఎవరూ చూసి ఉండరు. ముందు ముక్కులాంటి రేకు, అటూ ఇటూ అల్యూమినియం పెట్టెలు, రెండు సిలిండర్లు. వెనక చక్రానికి చైను లేదు, గొట్టం లోపల షాఫ్టు. ముందు నలభై ఏళ్ల మనిషి, వెనక ఆయన భార్య.

"తోమా గారంటే మీరేనా?"

"నానే బాబూ. ఇదేటి, బండా, గున్న ఏనుగా?"

ఆ మనిషి నవ్వాడు. పేరు ధనుంజయ్. విశాఖపట్నం. ఓడల్లో ఇంజినీరు. కొండలూ గుట్టలూ తిరిగే ఆ ఖరీదైన బండిని విదేశాల్లో కొని ఓడలో తెప్పించుకున్నాడు. భార్య గాయత్రి. ఇద్దరూ అరకు గెస్టుహౌసులో దిగారు.

"చప్పుళ్లు తోమా గారూ," అన్నాడు హెల్మెట్ తీస్తూ. "న్యూట్రల్‌లో నిలబెడితే గలగల. క్లచ్ పట్టుకుంటే ఆగిపోతుంది. ఫస్ట్ గేరు వేస్తే సుత్తితో కొట్టినట్టు ధన్‌మంటుంది. సరే, ఆ రెండూ పెద్ద ఇంజిన్లకి ఉండేవే అనుకుందాం. మూడోది ఉంది. సన్నగా, కీచుమని. మా ఆవిడ వెనక కూర్చుంటేనే వస్తుంది. సిటీలో వర్క్‌షాపు వాళ్లకి మూడుసార్లు చూపించాను. 'దీని స్వభావమే అంత సార్, మీరు మరీ ఎక్కువ వింటున్నారు' అని పంపేశారు."

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతేనండీ," అంది గాయత్రి. "ఇంట్లో ఏ చప్పుడు వచ్చినా కారణం నేనే."

తోమా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. స్టార్టు చేయించాడు. గలగల వినపడింది. క్లచ్ పట్టించాడు, ఆగింది. గేరు వేయించాడు, ధన్ వినపడింది. ఆ రెండూ అందినందుకు ఆయనకు లోపల ఎంత నిమ్మళమైందో ఎవరికీ తెలియదు.

"ఈ రెండూ జబ్బు కాదు బాబూ. పెద్ద పళ్లు, కాళీగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. బరువు పడితే నోరు మూసుకుంటాయి. ఆ మూడోదే సూడాల. మా ఇంటిదాన్ని ఎనక ఎక్కించుకుని ఎల్లొత్తాను."

"నేను వెనక కూర్చుంటాను కదా?"

"బండి గలవోడు ఎనక కూకుంటే నాకు బండి మాట ఇనపడదు బాబూ. ఆడి మాటే ఇనపడద్ది."

షెడ్డు వెనకే ఇల్లు. సవరమ్మను పిలిచాడు. ఆమె బండిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నానా? ఆ మేడ మీదికా? నిచ్చెన తెచ్చావా?"

"ఎక్కు, ఎక్కు. సుట్టాలకి సెప్పుకోవచ్చు."

"పడితే ఏటి సెప్పుకుంటావో అదీ అనుకో," అంటూనే చీర కుచ్చెళ్లు దోపుకుంది. గాయత్రి చెయ్యి అందించి ఎక్కించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గాలికొండ దాకా ఎక్కాక అక్కణ్నుంచి అనంతగిరి వైపు రోడ్డు పల్లం. ఈ కొండల మీద బండి ఉన్న ప్రతివాడూ అక్కడ ఇంజిను ఆపేసి, న్యూట్రల్‌లో వదిలేస్తాడు. పెట్రోలు మిగులుతుంది. స్కూటరైనా అంతే, మనుషుల్ని కుక్కిన జీపైనా అంతే. మైదానం వాళ్లు చూస్తే గుండె ఆగుతుంది కానీ మనవాళ్లకు అది అలవాటు. తోమా ఆ అలవాటును వైద్యంగా మార్చాడు. ఇంజిను నోరు మూస్తే మిగతా భాగాలు మాట్లాడతాయనేవాడు. ఎంత అంతుబట్టని చప్పుడైనా గాలికొండ మీద నుంచి ఒకసారి వదిలితే దొరికిపోయేది. ముప్పై ఏళ్లలో ఆ పరీక్ష తప్పిపోలేదు.

ఆ రోజూ అదే చేశాడు. గాలికొండ మలుపులో, తాళం అలాగే ఉంచి, ఇంజిను మాత్రం ఆపాడు. ఏనుగులాంటి బండి ఒక్కసారిగా మెత్తబడింది. సిల్వర్ ఓకు చెట్ల నీడ రోడ్డు మీద పరుగెత్తుతోంది. టైర్లు తారు మీద చేసే బరబర వినపడింది. గాలి వినపడింది. ఇంకేమీ లేదు. రెండు మలుపులు దాటాక సవరమ్మ భుజం తట్టి ఏదో అంది. భయపడుతోందనుకుని బ్రేకు మీద చెయ్యి వేసి తలూపాడు. మళ్లీ తట్టింది. మళ్లీ తలూపాడు.

అనంతగిరి టీబడ్డీ దగ్గర దిగి ఆమె మొట్టమొదట అడిగింది అదే.

"ఏటయ్యా అది, దారి పొడుగునా కీసుమంటంది?"

"ఏది?"

"నా కింద. ఎలకపిల్లని తొక్కినట్టు. నీకు రెండుసార్లు సెప్పాను, తల ఊపేవు గదా."

తోమా టీగ్లాసు అందుకున్నాడు. మెల్లగా ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"గాలి. హెల్మెట్టు లేదు నీకు. సెవుల్లో దూరింది."

"గాలెట్టుంటదో నాకు తెల్దా?"

"సవరమ్మా, బండి నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆమె కొంగు తలకు చుట్టుకుని మళ్లీ బండెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఎగువే. ఇంజిను హోరులో ఎలకపిల్ల మాట ఆమె కూడా ఎత్తలేదు.

షెడ్డు దగ్గర ధనుంజయ్ నిలబడే ఉన్నాడు. తోమా బండి దిగి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడవాల్సిన మడ్డి ఏమీ లేదు.

"దీనికి ఏ జబ్బూ లేదు బాబూ. ఇంజిను ఆపి దింపేను. గాలి తప్ప ఏటీ లేదు."

ఓడ ఇంజినీరు ముఖం విచ్చుకుంది. రెండు చేతులతో తోమా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు చెప్పారంటే చాలు. రేపు పొద్దున్నే దిగిపోతాం. ఇన్నాళ్లూ అందరూ నా చెవులదే తప్పన్నారు, నిజంగానే వాటిదే తప్పు."

"నా బరువుది కాదన్నమాట," అంది గాయత్రి. "ఈ మాట ఒక కాగితం మీద రాసివ్వండి తోమా గారూ, ఇంట్లో గోడకి తగిలిస్తాను."

అందరూ నవ్వారు. సవరమ్మ నవ్వకుండా లోపలికి పోయింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక తోమా అరుగు మీద నడుం వాల్చాడు. సవరమ్మ పక్కనే తిరగలి ముందు కూర్చుంది. చోడిగింజలు పోయలేదు. ఉత్త తిరగలే తిప్పడం మొదలుపెట్టింది. రాయి రాయి మీద గర్రుగర్రుమంటోంది.

"ఏటది, ఉత్తిది తిప్పుతన్నావు? రాయి అరిగిపోద్ది."

"ఇనపడతందా?"

"ఇనపడక? గర్రుమంటంది."

"అది రాయి. నడిమి ఇనప సీల సప్పుడు?"

తోమా లేచి కూర్చున్నాడు. ఆమె ఇంకా తిప్పుతూనే ఉంది. నూనె లేని సీల మీద రాయి తిరుగుతోంది. ఎదురింటి గడపలో పడుకున్న కుక్క చెవులు వెనక్కి మడుచుకుని లేచి అవతలికి పోయింది. తోమాకు గర్రుగర్రు తప్ప ఇంకేమీ రాలేదు.

"అచ్చంగా ఈ కీసేనయ్యా," అంది సవరమ్మ, తిప్పడం ఆపి. "నాను మూడుసార్లు పిలిస్తేగాని నువ్వు పలక్కపోతే పరాకనుకునేదాన్ని. పరాకు కాదు గదా?"

తోమా మళ్లీ నడుం వాల్చాడు. తిరగలి వేరు, బండి వేరు అనుకున్నాడు. ఇంజిను ఆపి దింపాను, బ్రేకులు బాగున్నాయి, బండి నిటారుగా నడిచింది అనుకున్నాడు. గెస్టుహౌసు ఎంత దూరం, లేచి నాలుగు వీధులు దాటితే వస్తుంది. వెళ్లి ఏమని చెప్పాలి? చెవిటివాడి మాట నమ్మి దిగకండి అని చెప్పాలా? పోలీసు బుల్లెట్టు, ఆసుపత్రి జీపు, సినిమా జనరేటరు, అన్నీ కళ్ల ముందు వరస కట్టాయి. రేపు పొద్దున్న చూద్దాం అనుకున్నాడు. ఆ పూట షెడ్డు తలుపులు మామూలు కంటే ముందే వేసేశాడు.

పొద్దున్నే గెస్టుహౌసు గేటు దగ్గరికి వెళ్లేసరికి వాచ్‌మన్ మల్లేశు ముంగిలి ఊడుస్తున్నాడు.

"ఎల్లిపోయినారు మావా. ఎండ ఎక్కకముందే ఘాటు దిగాలన్నారు. నీ గురించి ఒకటే పొగడ్త. అరకు తోమా మాటంటే రాతి మీద గీతంట."

తోమా వెనుదిరిగి రాజ్‌దూత్ తీశాడు. ఆ పాత మోటారుసైకిలు ఆయన చేతిలో ఎప్పుడూ గట్టిగా అరవలేదు. ఆ పొద్దున అరిచింది. సుంకరమెట్ట దాకా రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. దాని తర్వాత గాలికొండ. గాలికొండ దాటితే ఇక పల్లమే, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కీచుమన్నది ఇంజిను తిరిగినప్పుడు కాదు, చక్రం తిరిగినప్పుడు. వెనక బరువు పడినప్పుడు. అంటే వెనక చక్రం ఇరుసు దగ్గర బేరింగు. గాలికొండ దిగువలో అది పట్టేస్తే చక్రం తిరగదు. బండి మీద ఇద్దరు. ఇదంతా ఆయనకు నిన్ననే తట్టాల్సింది. ఎందుకు తట్టలేదంటే, చెవి ఏమీ లేదంది కాబట్టి చెయ్యి వెనక చక్రం దాకా పోనేలేదు.

సుంకరమెట్ట చేరకముందే రోడ్డు మీద గుంపు కనపడింది. ఇటికెల పండగ రోజుల్లో మగవాళ్లు అడవిలో ఉంటే రోడ్లు ఆడవాళ్లవి. రోడ్డుకు అడ్డంగా వెదురు వాసం కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి, పండగ మామూలు తీసుకుని, ఆడించి, పాడించి గాని వదలరు. కలెక్టరు కారైనా అంతే. వాసానికి ఇవతల ఏనుగులాంటి బండి నిలబడి ఉంది. ధనుంజయ్ మెడలో ఎవరో అడవిపూల దండ వేశారు. గాయత్రి హెల్మెట్ తీసేసి, ఆడవాళ్ల నడుముల చుట్టూ చేతులు వేసి, ధింసా ఆట వరసలో అడుగు తప్పుతూ నవ్వుతోంది.

తోమాకు ఊపిరి తిరిగింది. బండి స్టాండు కూడా వేయకుండా రోడ్డు పక్క పిట్టగోడకు ఆనించి వచ్చాడు. వాసం దగ్గర నిలబడ్డది యర్రమ్మ, సవరమ్మకు చెల్లెలి వరస. ఆమె తోమాను చూడగానే అందుకుంది.

"ఒలమ్మో, మగోడు! ఏటకెల్లకుండా రోడ్ల మీద ఏటి సేత్తన్నాడు? ఏది బావా, ఏట ఏది? కనీసం కుందేలైనా కొట్టుకొచ్చావా?"

"తర్వాత యర్రమ్మా. ఆ బండి ఒగ్గీకు, ఆపు."

"మామూలు ఇచ్చీసినారు, ఆట ఆడీసినారు. ఒగ్గకుండా ఏటి సేత్తాం, అల్లుణ్ణి సేసుకుంటామా?" ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. యర్రమ్మ వాసం కట్టు విప్పడానికి చెయ్యి వేసింది.

ధనుంజయ్ ఆయన్ని చూసి సంబరంగా ముందుకు వచ్చాడు. "తోమా గారూ! సాగనంపడానికి వచ్చారా?"

ఆ క్షణాన కూడా తోమా నోటికి నిజం రాలేదు. పేరును కాపాడుకునే మాటే వచ్చింది.

"నట్టొకటి... నిన్న ఒక నట్టు బిగించడం మర్సిపోయాను బాబూ. ఎనక్కి తిప్పండి, షెడ్డుకి పోదాం."

"ఏ నట్టు? పానాల సంచీ పెట్టెలోనే ఉంది. ఇక్కడే బిగించేద్దాం, రెండు నిమిషాల పని." అప్పటికే పెట్టె మూత తెరిచాడు. "చెప్పండి, ఎంత సైజు?"

విప్పని బండిలో బిగించని నట్టు ఎక్కడుంటుంది? తోమా ఆ పానాల వంక చూశాడు. యర్రమ్మ వాసం ఎత్తేసింది. గాయత్రి హెల్మెట్ పెట్టుకుంటోంది.

"నట్టు లేదు బాబూ."

"మరి?"

"నాకు సెవుల్లేవు."

ధనుంజయ్‌కు అర్థం కాలేదు. యర్రమ్మకు అర్థమై నవ్వింది. "ఆడోళ్లు పిలిస్తే మగోళ్లెవరికీ ఉండవు బావా!"

"యేళాకోళం కాదు," అన్నాడు తోమా. గొంతు పెద్దదైంది. చెవి పోయినవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు కదా. ఆ అరుపు రోడ్డు మీద ఆగిన బస్సు దాకా వినపడింది. "రెండేళ్లయింది. సన్న సప్పుడు నాకు అందదు. నిన్న మీ బండి కీసుమంది, మా ఆడది ఇంది, నాను ఇన్లేదు. ఇనపడకుండానే ఏటీ లేదని సెప్పేను. ఆ బండి ఘాటు దింపొద్దు."

ఆడవాళ్ల పాట ఆగిపోయింది. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. అందులో సగం మందికి తోమా తెలుసు. వాళ్ల బండ్లో, వాళ్ల అన్నదమ్ముల బండ్లో ఆయన చేతిలో పడ్డవే.

ధనుంజయ్ పెట్టె మూత మూశాడు. బండిని సెంటర్ స్టాండు మీదికి లాగాడు. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. తోమా మోకాళ్ల మీద కూర్చుని ఇరుసు డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. చక్రం కదిలింది. కదలకూడని చోట కదిలింది. డబ్బా కింద నూనె ఆపే రబ్బరు సీలు దగ్గర నల్లటి నూనె పల్చగా చెమర్చి ఉంది. మెల్లగా తిప్పితే అరచేతికి ఇసకలో తిప్పినట్టు తగిలింది.

"ఉంది," అన్నాడు తోమా.

"ఉంది," అన్నాడు ధనుంజయ్. చక్రం వదిలేసి రోడ్డు అంచున రాయి మీద కూర్చున్నాడు. మెడలో దండ తీసి పక్కన పెట్టాడు.

గాయత్రి తోమా ముందుకు వచ్చి నిలబడింది. నిన్నటి నవ్వు ఆమె ముఖంలో ఎక్కడా లేదు. "మా అమ్మాయి ఇంటి దగ్గర మా అమ్మతో ఉంది. నిన్న ఎందుకు చెప్పలేదండీ?"

తోమా తల వంచుకున్నాడు. అడిగింది వినపడింది.

చింతపండు బస్తాల లారీ ఒకటి అదే రోడ్డున విశాఖపట్నం పోతోంది. ఆడవాళ్లు దాన్నీ ఆపారు. మామూలుకు బదులు బండిని ఎక్కించుకోమన్నారు. డ్రైవరు సణిగాడు. యర్రమ్మ వాసాన్ని మళ్లీ అడ్డం పెట్టి, దాని మీద కూర్చుంది. డ్రైవరు దిగి తాడు తీశాడు. వెదురు వాసాల మీదుగా ఏనుగును లారీలోకి తోసినవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. తోమా తాళ్లు కట్టాడు. ముందు చక్రానికి రెండు, వెనక రెండు, ఎక్కడా గీత పడకుండా గోనెపట్టాలు చుట్టి. ఎక్కేముందు ధనుంజయ్ చెయ్యి చాపాడు కానీ నిన్నటిలా రెండు చేతులూ కాదు.

వానాకాలం మొదట్లో అతను ఒక్కడే వచ్చాడు. బేరింగు లోపల ఉక్కు గుండ్లను పట్టి ఉంచే చట్రం ముక్కలుముక్కలైందనీ, ఇంకెంత దూరం వచ్చేదో చెప్పలేమనీ వర్క్‌షాపు వాళ్లు అన్నారట. మూడుసార్లు స్వభావం అన్న వాళ్లే అన్నారట.

"మీరు ఆ రోజు రాకపోతే..." అని ఆగాడు. "మీరు ముందు రోజే చెప్పి ఉంటే..." అని మళ్లీ ఆగాడు. రెండు వాక్యాలూ పూర్తి చేయకుండానే టీ తాగి వెళ్లిపోయాడు. గాయత్రి ఆ తర్వాత కూడా అరకు రాలేదు.

ఇక తోమా సంగతి. ఆ రోజు బస్సులో వాళ్లు ఊరు చేరకముందే కబురు సంతకు చేరింది. తోమాకు చెవులు పోయాయట. కానిస్టేబులు బుల్లెట్టు పాడేరు పోయింది. ఆసుపత్రి జీపును ఎస్.కోటకు పంపారు. నెల రోజులు షెడ్డులో పంక్చర్లు తప్ప పని లేదు. అరుగు మీద కూర్చుని తోమా తన రాజ్‌దూత్‌నే విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. సవరమ్మ చూసి చూసి ఒకరోజు అంది.

"నోరు పోలేదు గదా? ఎవులన్నా వొత్తే నువ్వే ముందు సెప్పీ. ఉండేవోడు ఉంటాడు, పోయేవోడు పోతాడు."

అలాగే చేశాడు. ఎవరు వచ్చినా వాళ్లు నోరు విప్పకముందే తాను చెప్పేవాడు. "కుడి సెవి ఇప్పుడు పూర్తిగా పోయింది. ఎడం సెవికి సన్న సప్పుడు అందదు. సేతులు బాగున్నాయి. ఉంచుతావా, తీసుకెల్తావా?" అటవీశాఖ డ్రైవరు ఒకడు, "అయితే పాడేరులో సూపించుకుంటాలే," అని బండి తిప్పుకున్నాడు. తోమా అడ్డం చెప్పలేదు. దారిలో వాన కురుస్తోందని, వైపరు పట్టీ ఊడి ఉంటే మాత్రం బిగించి పంపాడు.

ముంచింగిపుట్టు రూట్లో పాసింజరు జీపు నడిపే సుక్రు ఒకనాడు వచ్చాడు. తోమా తన మూడు ముక్కలూ చెప్పాడు. సుక్రు తల గోక్కున్నాడు.

"ఉంచుతాను మావా. ఎక్కడో అరుత్తంది. ఎక్కడో ఎవుడు సెప్తాడు మరి?"

"నువ్వే. దిగు. బండి కింద పడుకో."

"నానా? కొత్త లుంగీ మావా!"

"లుంగీ ఉతుక్కోవచ్చు. గోతాం పరిసేను, బేగి దూరు."

సుక్రు గొణుగుతూ దూరాడు. తోమా సీటెక్కి ఇంజిను స్టార్టు చేసి ఎక్సిలేటరు తొక్కాడు. కింద నుంచి సుక్రు ఏదో అరిచాడు. తోమా ముందుకే చూస్తూ ఇంకా తొక్కాడు. సుక్రు మళ్లీ అరిచి, లాభం లేదని గ్రహించి, చప్పుడు వస్తున్న చోటే జీపు కింది రేకును పిడికిలితో గుద్దాడు. ఆ దెబ్బ తోమా ఎడమ పాదానికి తగిలింది. వెంటనే ఇంజిను ఆపి, ఆ పాదం ఉన్నచోట సుద్దముక్కతో గీత గీసి, పానా అందుకున్నాడు.